ఏ సీజనూ వదలని బాబాయి

మొన్న బిషాన్ స్టేషన్‌లో రైలు మారుతుంటే, ఎస్కలేటర్ మీద నా ముందు ఒక నడివయసు చీనా ఆయన నిలబడి ఉన్నాడు. చేతిలో ఆకుకూరల సంచి, ఒంటిమీద నేరేడుపండు రంగు చొక్కా. పక్కకి తిరిగినప్పుడు గుండె మీద కొలిమి బొమ్మ కనిపించింది. అది కనబడగానే నా నోరు నా మాట వినలేదు. "ఈ ఏడు మనవాళ్ళు ఎలా ఆడుతున్నారు?" అని నాకొచ్చిన ఇంగ్లీషులో అడిగేశాను.

ఆయన నా చీరనీ, బొట్టునీ, చేతిలోని పూలపొట్లాన్నీ చూసి, "ఆంటీ, యూ ఆల్సో సపోర్ట్ ఆ?" అన్నాడు.

"నేను కాదు. మా బాబాయి. కిందటేడు పోయారు."

ఆయన తల వంచి, "బాటమ్ త్రీ, ఆంటీ. బెటర్ హీ డోంట్ నో లా" అన్నాడు.

మంచి మనసుతోనే అన్నాడు. కాని ఆ మాట నేను ఒప్పుకోలేకపోయాను. అట్టడుగున ఉన్నారని తెలియకుండా ఉండటం మా బాబాయికి నచ్చే సంగతి కాదు. రైలెక్కి కూర్చున్నా ఆయనే కళ్ళముందు. ఇంటికొచ్చి దీపం పెట్టి, ఇదిగో, రాయడానికి కూర్చున్నాను.

బాబాయి అన్నానే గాని ఆయన నాకు చుట్టం కాదు. మేము ఈ ఊరొచ్చిన కొత్తలో మా బ్లాకు కింద కళ్ళజోళ్ళ కొట్టు నడిపేవారు. పుట్టింది మలేసియాలో, రబ్బరు తోటల మధ్య. తాతల కాలంలో విశాఖ వైపు నుంచి ఓడెక్కిన కుటుంబం. వయసులో ఉండగా పనికోసం ఇటు దిగి, ఇక్కడే ఇల్లూ కొట్టూ ఏర్పరుచుకున్నారు. పారాయణం పుస్తకంలో అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటే నేను ఆ కొట్టు మెట్టెక్కాను. "అంకుల్, కళ్ళు చూపించుకోవాలి" అన్నాను.

"తెలుగు మాటాడతా అంకులేటి? నానేమైనా దొరనేటి? బాబాయ్ అను" అన్నారు. అన్నదే తడవు, బరువైన ఇనప జోడొకటి నా ముక్కు మీద పెట్టేశారు. దాంట్లో అద్దాలు మారుస్తూ, "ఇది బాగుందా, ఇదా?" అని అడుగుతూ, మధ్యలో ఏదో కథ మొదలుపెట్టారు.

"ఆ ఏడు మనోళ్ళకి గోలీ లేడమ్మీ. ఉన్నోడికి మోకాలు పోయింది. ఇది బాగుందా, ఇదా? సంక్రాంతి నాటికి గెలుపన్నదే లేదు. ఇప్పుడు సూడు, పై వరస సదువు. ఆఖరికి కింది డివిజన్‌కి దిగిపోనాం."

గోలీ ఏమిటో, డివిజన్ ఏమిటో నాకు తెలియదు. ఏదో వ్యాపారంలో ఇంటిల్లిపాదీ చితికిపోయారనుకున్నాను. ముక్కు మీద ఇనప జోడుతోనే జాలిగా, "తర్వాతైనా కోలుకున్నారా బాబాయ్, మీవాళ్ళు?" అన్నాను.

"ఏటి కోలుకోడం! మరుసటేడు ఇంకా కిందకి!"

"అయ్యో. మీవాళ్ళ పేరు చెప్పండి, శుక్రవారం పూజలో చెప్పుకుంటాను."

ఆయన అద్దం చేత్తో పట్టుకుని అలాగే ఆగిపోయారు. తర్వాత తన కళ్ళజోడు తీసి తుడుచుకునేదాకా నవ్వారు. "ఇంటోళ్ళు కాదమ్మీ! ఫుట్‌బాల్ జట్టు. ఇంగ్లండ్‌లో. అయినా పరవాలేదు, పూజ సెయ్యి. వోళ్ళకి అవసరమే."

చేశాను కూడా. నాకు కళ్ళజోడు ఇచ్చిన మనిషి అడిగిన మొదటి మాట అది. ఆ కళ్ళజోడుతోనే ఇవాళ్టికీ పుస్తకం చదువుతున్నాను. చదివిన ప్రతిరోజూ ఆయన పేరు మీద ఒక నమస్కారం పడుతుంది.

ఆ జట్టు ఆయన ఎంచుకున్నది కాదు. తోటల బళ్ళో చదివే రోజుల్లో కుర్రాళ్ళందరూ ఇంగ్లండ్ జట్ల పేర్లు చీటీల మీద రాసి డబ్బాలో వేశారట. ఈయన చీటీలో పేరున్న జట్టు వచ్చిందా అంటే, లేదు. ఉత్తరాన ఇనప ఫ్యాక్టరీల మధ్య ఒక చిన్న ఊరి జట్టు వచ్చింది. మిగతా కుర్రాళ్ళు ఏడాది తిరక్కుండా గెలిచే జట్ల వైపు జరిగిపోయారు. ఈయన జరగలేదు. ఎందుకని ఒకసారి అడిగాను.

"నీ ఇష్టదేవతని నువ్వు ఎంచుకున్నావేటి?" అన్నారు.

"లేదు బాబాయ్. అమ్మమ్మ ఇచ్చింది."

"మరి! ఇచ్చిందాన్ని పట్టుకోడమే."

ఆ ఊరు ఆయన ఒక్కసారీ చూడలేదు. కాని జట్టు పుట్టిన ఏడాది నుంచి ఈ ఏటి దాకా, సీజన్ వెంట సీజన్, మొత్తం చరిత్ర ఆయన నోట్లో ఉండేది. కొట్టు మూసి ఇంటిపట్టున ఉండటం మొదలయ్యాక బ్లాకు కింద ఖాళీ జాగాలో రాతిబల్ల దగ్గర చెప్పేవారు. మధ్యాహ్నమే వచ్చి ఖాళీ కళ్ళజోడు పెట్టె ఒకటి బల్లమీద పెట్టి చోటు చోప్ చేసి, అంటే తనదని ఆపి పెట్టి, పోయేవారు. సాయంత్రం ఎండ వాలాక దిగి, ఆ పెట్టె జేబులో వేసుకుని కూర్చునేవారు. పూటకి ఒక్కటే సీజన్. ఎవరున్నా లేకపోయినా చెప్పేవారు. నేను చిక్కుడుకాయలు పట్టుకెళ్ళి ఈనెలు తీస్తూ వినేదాన్ని.

ప్రతి సీజనూ ఒకేలా మొదలయ్యేది. "ఆగస్టు. గడ్డి పచ్చగా ఉంది. అందరికీ సున్నాయే." కిందటేడు ఎవరు గెలిచినా, ఎవరు ఓడినా, ఆగస్టులో అందరూ సున్నా దగ్గరే నిలబడతారట. ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖంలో కొత్తబట్టలు కట్టుకున్నంత సంబరం ఉండేది.

అక్కడినుంచి ఆ సీజన్ తిన్నగా మే నెల దాకా నడవాల్సిందే. గాలివానకి ప్రేక్షకుల షెడ్డు పైకప్పు ఎగిరిపోతే, మరుసటి శనివారం జనమంతా గొడుగుల కింద నిలబడి జట్టుని గెలిపించుకున్న ఏడు. బేకరీవాడి కొడుకు కనుబొమల నిండా పిండితోనే మైదానంలోకి పరుగెత్తిన ఏడు. బురదలో పెద్ద పట్నం జట్టుని ఓడించి, ఊరంతా గంటలు మోగించుకుని, తర్వాతి రౌండ్‌లోనే చిత్తుగా ఓడిన ఏడు. మావారు ఒకసారి ఆఫీసు నుంచి వస్తూ అక్కడ ఆగి, "బాబాయ్, ఆ గంటలు మోగించిన దగ్గర ఆపేస్తే బాగుంటుంది కదా" అన్నారు.

"నువ్వు ఆపుకో బాబూ. నాకు ఇంకా మార్చి, ఏప్రిల్, మే ఉన్నాయి."

ఒక ఏడు వరస యుద్ధం దాకా వచ్చింది. ఇంగ్లండ్‌లో ఆటలు ఆపేసిన ఏళ్ళు. మర్నాడు ఆయన బల్ల దగ్గరికి రాలేదు. పొద్దున్నే గొడుగు పట్టుకుని బస్టాపు వైపు వెళుతూ కనిపించారు. "ఎక్కడికి బాబాయ్?" అంటే, "క్రాంజీ. వస్తావా?" అన్నారు. వెళ్ళాను.

రెండు బస్సులు మారి, తోటలు దాటి, యుద్ధంలో పోయినవాళ్ళ సమాధుల దగ్గర దిగాం. వాలు మీద తెల్లరాళ్ళు బారులు తీరి ఉన్నాయి. ఆయన ఒక రాతి ముందు కాదు, ఒక వరస చివర నిలబడ్డారు. టోపీ తీశారు. ఏమీ మాట్లాడలేదు. నేను నామాలు చదువుకున్నాను. అవి పూర్తయ్యాక కూడా ఆయన అలాగే ఉన్నారు. ఎండ నెత్తి మీదికొచ్చాక టోపీ పెట్టుకున్నారు.

"మీ జట్టువాళ్ళు ఎవరైనా ఇక్కడున్నారా బాబాయ్?"

"తెలీదమ్మీ. ఉండకపోవచ్చు. ఆ ఏళ్ళలో ఆడాల్సిన కుర్రాళ్ళు ఇలాటి సోట్లకొచ్చేశారు కదా. సెప్పడానికి ఆట లేదు. అలాగని ఆ సీజన్లు వొదిలేత్తామేటి? ఊరుకుని నిలబడతాను. అదే సెప్పడం."

అక్కడినుంచి తిరిగొచ్చేటప్పుడు నాకనిపించింది, ఈయనా నేనూ చేసేది ఒకటే పని అని. నేను బడికి వెళ్ళి చదువుకోలేదు. చిన్నప్పుడు ఉబ్బసం వల్ల ఇంట్లోనే ఉంచేశారు. అక్షరాలు, ఎక్కాలు, స్తోత్రాలు అన్నీ అమ్మమ్మ నోటినుంచే. ఆవిడ ఒక ముక్క ఒకసారి అంటే నేను రెండుసార్లు అనేదాన్ని. దాన్నే సంత చెప్పుకోవడం అంటారు. ముక్క వదలకూడదు, వరస తప్పకూడదు. ఇష్టమైన చోటు ఎంత దూరంలో ఉన్నా మధ్యలోవన్నీ దాటుకునే వెళ్ళాలి. ఆ చదువు ఇచ్చినందుకు అమ్మమ్మకి రోజూ దణ్ణం పెట్టుకుంటాను. అది ఫుట్‌బాల్‌కి పనికొస్తుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

మూడేళ్ళ కిందట ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి బలం తగ్గింది, కుడికాలు ఈడ్చి నడిచేవారు. వాటికంటే పెద్ద దెబ్బ, మాట పోవడం. అన్నీ అర్థమవుతాయి, బయటికి మాత్రం రావు. భార్య పోయి చాలా ఏళ్ళు. ఒక్కతే కూతురు, పాసిర్ రిస్‌లో కాపురం, ఊరి మధ్యలో ఉద్యోగం. ఆసుపత్రి నుంచి తండ్రిని ఇంటికి తెచ్చి, కొన్నాళ్ళు సెలవు పెట్టి తోడుగా ఉంది. బంగారం లాంటి పిల్ల. నేను చారన్నం పట్టుకెళ్ళినప్పుడు వంటింట్లో నాతో చెప్పింది.

"అక్కా, ఐ కాంట్ లీవ్ హిమ్ లైక్ దిస్ లా. బాత్రూంలో జారితే? ఫోన్ ఎత్తి హెల్ప్ అని కూడా అనలేడు. దీపావళి దాకా చూస్తా. అప్పటికీ మాట రాకపోతే పాసిర్ రిస్ తీసుకెళ్ళిపోతా. ఈ ఇల్లు అద్దెకిచ్చేస్తాం."

గదిలోంచి బల్లమీద ఎడమచేత్తో ఒక్క చరుపు వినిపించింది. ఆయన విన్నారు. వెళ్ళి చూస్తే తల అడ్డంగా ఊపుతున్నారు. ఆ ఊపులో కోపం లేదు. వెళ్ళేది లేదు, అంతే.

మాట నేర్పడానికి ఒక చీనా అమ్మాయి వచ్చేది. చిన్నపిల్ల, ఎంత ఓర్పో. కప్పు బొమ్మ, ఆపిల్ బొమ్మ చూపించి పేరు చెప్పించాలని చూసేది. ఆయన ఆ కార్డులు మెల్లగా పక్కకి తోసేవారు. పెదవులు కదిలేవి. ఏదో వేరే మాటకోసం వెతుకుతున్నట్టుండేది. ఆ పెదవులు చూస్తే నాకు చివరి రోజుల్లో అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడకీ మాట పోయింది. మంచినీళ్ళు అని అడగలేకపోయేది. కాని నేను దీపం పెట్టి స్తోత్రం అందుకుంటే మాత్రం నాతో గొంతు కలిపేది, అక్షరం పోకుండా.

ఈయనకీ అలా చేసి చూడొచ్చా అని ఆ అమ్మాయిని అడిగాను. "ట్రై, ఆంటీ, ట్రై! మాటకి ఒక దారి, పాటకి ఇంకో దారి. సమ్‌టైమ్స్ పాట దారి బతికి ఉంటుంది" అంది.

మర్నాడు ఆయన ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, నామాలు చదివే వరసలో అందుకున్నాను. "ఆగస్టు, గడ్డి పచ్చగా ఉంది, అందరికీ సున్నాయే." కూతురు గుమ్మంలో నిలబడి నవ్వాపుకోలేక నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. నవ్వితే నవ్విందిలెమ్మని రెండోసారి అన్నాను. ఆయన నన్నే చూస్తున్నారు. మూడోసారికి గొంతులోంచి ఒక మూలుగు వచ్చింది. అది మూలుగే గాని, వరసలో ఉంది.

అప్పటినుంచి రోజూ సంత. నేను ఒకసారి, ఆయన రెండుసార్లు. ఆయన చరిత్రని ఆయనకే, సీజన్‌కి ఒక్క ముక్క చొప్పున కుదించి చెప్పేదాన్ని. ఇన్నేళ్ళు చిక్కుడుకాయలతో పాటు విన్నది అంతా లోపల ఉంది. వారాలు గడిచినా మూలుగు మూలుగుగానే ఉంది. ఆయన మాత్రం ఒక్కరోజు వద్దనలేదు. నేను వెళ్ళేసరికే కుర్చీలో నిటారుగా, జుట్టు దువ్వుకుని కూర్చునేవారు.

ఒకరోజు మా సంత, జట్టు కింది డివిజన్‌కి దిగిపోయిన ఏడాదికి వచ్చింది. బయట వాన పట్టింది, నేను బట్టలు తియ్యడానికి వెళ్ళాలి. మా ఇళ్ళల్లో పారాయణం ఎప్పుడూ చెడుమాట దగ్గర ఆపం. మంగళకరమైన ముక్క ఒకటి పలికే లేస్తాం. చిన్ననాటి అలవాటు, నాకు తెలియకుండానే నోటికి వచ్చేసింది. "ఆఖరి ఆట గెలిచారు" అని శుభంగా ముగించి లేచాను.

"ఓడాం!"

ఎవరా అని వెనక్కి చూశాను.

ఆయన ముఖం ఎర్రగా ఉంది. ఎడమచెయ్యి బల్ల మీద పిడికిలి పట్టి ఉంది. "ఓడాం! ఓడాం... లా!"

వంటింట్లో గిన్నె కింద పడింది. కూతురు పరుగెత్తుకొచ్చి, "అప్పా! ఏమన్నావు? మళ్ళీ అను!" అంటూ ఆయన మోకాళ్ళ దగ్గర కూలబడిపోయింది. ఆయన కూతురి వంక చూడలేదు. నా వంకే చూస్తున్నారు, నేను తప్పు దిద్దుకునేదాకా వదిలేది లేదన్నట్టు.

"ఓడాం బాబాయ్. ఓడాం. నాదే పొరపాటు" అన్నాను. అప్పుడుగాని పిడికిలి విప్పలేదు. బట్టలన్నీ తడిసిపోయాయి. తల్లి దయ, అలా తడిసిన రోజు నా జన్మలో ఇంకొకటి లేదు.

ఆ తర్వాత మాటలు ఒక్కొక్కటే వచ్చాయి, వరస మీద మాత్రమే. వరస లేకుండా వట్టి మాట అడిగితే పెదవుల దగ్గరే ఆగిపోయేది. ఎడమచేత్తో తొడ మీద తాళం వేసుకుంటూ సీజన్ వెంట సీజన్ కట్టుకుంటూ వచ్చారు. దీపావళి ముందు ఆదివారం వచ్చింది, కూతురు పెట్టిన గడువు. అప్పటికే బీరువా పక్కన తండ్రి బట్టల పెట్టె సర్ది పెట్టి ఉంది. ఆయన ఆమెకి కుర్చీ చూపించారు. మొదటినుంచీ చెప్తానని చేత్తోనే చెప్పారు.

మొదలుపెట్టారు. జట్టు పుట్టిన ఏడు, మొదటి గెలుపు, మొదటి పతనం. గొంతు బొంగురుగా ఉంది, కాని తడబాటు లేదు. గొడుగుల ఏడు వచ్చింది, పిండి కనుబొమల ఏడు వచ్చింది. ఉన్నట్టుండి ఆగిపోయారు.

చెయ్యి తొడ మీద కదలటం లేదు. కూతురి కళ్ళు నిండాయి. "చాల్లే అప్పా, ఇట్స్ ఓకే" అంటూ లేవబోయింది. నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను.

"కూర్చో తల్లీ. మరిచిపోలేదు. యుద్ధంలో ఉన్నారు."

ఆమెకి అర్థం కాలేదు, అయినా కూర్చుంది. నేను మాత్రం లోపల అమ్మవారికి చెప్పుకుంటూనే ఉన్నాను, నిజంగా యుద్ధమే అయ్యుండాలమ్మా అని. కింద బస్సు వచ్చి ఆగి వెళ్ళిపోయింది. అప్పుడు ఆయన చెయ్యి లేచి తొడ మీద పడింది. "ఆగస్టు. గడ్డి పచ్చగా ఉంది..."

ఆ ఏటి దాకా వచ్చి ఆగారు. ఏదీ వదల్లేదు. కూతురు అడగవలసిన ప్రశ్నే అడిగింది. నేనైనా అదే అడిగేదాన్ని.

"అప్పా, సీజన్లు చెప్పావు. బాత్రూంలో పడితే సీజన్లు చెప్తావా? నేను కిందకి వెళ్ళి ఫోన్ చేస్తా. నీకు ఒంట్లో బాగాలేదనుకో. నాకు చెప్పు."

వెళ్ళింది. లిఫ్టు తలుపు పడింది. ఫోన్ మోగింది. ఆయన ఎడమచేత్తో తీసి చెవి దగ్గర పెట్టుకున్నారు. పెదవులు కదిలాయి. మాట రాలేదు. "అప్పా?" అని అటునుంచి సన్నగా వినిపిస్తోంది. "అప్పా, ఉన్నావా?" ఆయన నుదుట చెమట పట్టింది. నేను అందించవచ్చు, సంతలో అందించడం తప్పు కాదు. కాని ఆయన కళ్ళతోనే నన్ను ఆపేశారు.

ఫోన్‌ని బుజానికీ చెంపకీ మధ్య ఇరికించుకున్నారు. ఎడమచెయ్యి ఖాళీ చేసుకుని తొడ మీద తాళం వేశారు.

"నాకు బాగాలేదు... తలుపు తీసి ఉంటాది... బిడ్డా, రా."

వరసలోనే. ఒక్క అక్షరం పోలేదు.

కూతురు పైకి వచ్చింది. సర్దిన పెట్టె తెరిచి బట్టలు ఒక్కొక్కటీ తీసి బీరువాలో పెట్టింది. ఆయన కుర్చీలోంచి, మడత సరిగా లేని చొక్కా ఒకటి వేలితో చూపించారు.

ఆ ఇంట్లో ఆయన ఇంకో రెండు సీజన్లు ఉన్నారు, ఒంటరిగా, తన కెటిల్‌లో తన కాఫీ కాచుకుంటూ. సాయంత్రం బల్ల దగ్గరికి దిగి, తాళం వేసుకుంటూ పూటకో సీజన్ పాడుకుంటూ. దాటిపోయేవాళ్ళు ఏదో దేవుడి పాట అనుకునేవారు. నేనెవరినీ దిద్దలేదు.

కిందటేడు ఒక మధ్యాహ్నం కూతురికి ఆఫీసులో ఫోన్ వచ్చింది. పదిమందితో మీటింగులో ఉంది. చెవి దగ్గర పెట్టుకోగానే తాళం, ఆ వెనకే వరస. అందరి ముందూ తనూ అదే వరసలో "వస్తున్నా, అప్పా, వస్తున్నా" అంటూ, రెండో చేత్తో ఇంకో ఫోన్ నుంచి అంబులెన్స్‌కి ఫోన్ చేస్తూ పరుగెత్తిందట. ఆమె టాక్సీ దిగేసరికి వాళ్ళు వచ్చి ఉన్నారు. రెండు రోజుల తర్వాత ఆసుపత్రిలో, ఆమె చెయ్యి పట్టుకునే, ఆయన వెళ్ళిపోయారు. అంత ప్రశాంతమైన చావు ఇచ్చినందుకు దేవుడికి నా దణ్ణాలు.

కర్మలయ్యాక ఆమె నాతో ఒక సంగతి చెప్పింది. అంబులెన్స్ వాళ్ళు వచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉందట. ఆయన గుమ్మం పక్క కుర్చీలో, గుండె నొప్పితో, చొక్కా టక్ చేసుకుని బూట్లు వేసుకుని కూర్చుని ఉన్నారట. కుడి బూటు లేసు ఒకటి ఊడి ఉందట. స్ట్రెచర్ పట్టుకొచ్చిన అమ్మాయి వంగి కట్టబోతే ఆయన చేత్తో ఆపారట. ఎడమచెయ్యి ఒక్కటే వాడి, మెల్లగా, తనే ముడి వేసుకున్నారట. అయ్యేదాకా వాళ్ళు నిలబడే ఉన్నారట.